ముర్ముగారు గెలిచారు. మన శ్రీకాకుళం, విజయనగరం కొండోళ్లకి ఇందులో ఏముంది?

పాలకొండ కుర్రోడు | 21 జూలై 2022, రాత్రి 10:40

రాష్ట్రపతి ఎన్నిక ఫలితం చూశారు కదా. మూడో రౌండు లెక్కింపు అయ్యేసరికే ద్రౌపదీ ముర్ము సగం దాటేశారు. చివరికి ఓట్ల విలువలో 6,76,803 ఆవిడకి, 3,80,177 యశ్వంత్ సిన్హాకి. 64 శాతం. 25న ప్రమాణం.

నేను జాతాపు తెగ వాణ్ని, ముర్ముగారిలా గిరిజనుణ్ని, ఊరు పాలకొండ పక్కన, ఉద్యోగం విజయనగరంలో. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిందే కాబట్టి మధ్యాహ్నం టీ దగ్గర మా ఆఫీసు ఆయన ఒకాయన నవ్వుతూ "ఇంక రాష్ట్రపతి కూడా మీ కోటాలోకి వచ్చేసింది, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు, నేను సెలవు పెడితే నా ఫైళ్లు కూడా చూసి పెడతాడు. నేనూ నవ్వేశాను. కానీ ఆ మాట సాయంత్రం దాకా కెలుకుతూనే ఉంది. ఆయనకి ఏం చెప్పాల్సింది? రాష్ట్రపతి పదవికి రిజర్వేషన్ లేదు అని మాత్రం తెలుసు, అంతకు మించి నోట మాట రాలేదు. మీకేమనిపిస్తోందో రాయండి. టీవీలో వాళ్ల మాటలు వద్దు, మన వైపు నుంచి.

సిక్కోలు సీను | 21 జూలై 2022, రాత్రి 11:05

సంతోషమే బాబూ, కాదనను. కానీ 1997లో నారాయణన్ గారు వచ్చారు, 2007లో ప్రతిభా పాటిల్, 2017లో కోవింద్. ప్రతిసారీ "చరిత్ర" అన్నారు. రాష్ట్రపతి అంటే సంతకం. కేబినెట్ పంపుతుంది, ఆయనో ఆవిడో పెడతారు. మన కొండల్లో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి దింపుతున్న ఊళ్లున్నాయి, పేపర్లో ఫోటో పడినప్పుడల్లా రెండ్రోజులు హడావిడి, తర్వాత మామూలే. రాష్ట్రపతి మారితే ఆ డోలీ మోసేవాళ్ల భుజం మీద బరువేమైనా తగ్గుతుందా చెప్పు.

ఇంకోటి. ఆవిడ పుట్టిన ఊరు ఉపర్‌బేడా, ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా. ఆ ఊరి శివారు గూడెం ఒకటి, డుంగురిసాహి, దానికి కరెంటు ఎప్పుడొచ్చిందో తెలుసా? ఆవిడ పేరు ప్రకటించాక. మంత్రిగా చేసి, గవర్నర్‌గా చేసిన మనిషి సొంతూరికే అలా ఉంటే!

వంశధార | 21 జూలై 2022, రాత్రి 11:20

సీను గారూ, అదే కదా అసలు సంగతి. పేరు ప్రకటించగానే స్తంభాలు వచ్చాయంటే పేరుకి ఏదో బలం ఉన్నట్టేగా 😀

సిక్కోలు సీను | 21 జూలై 2022, రాత్రి 11:24

అంటే ఒక్కో గూడేనికీ ఒక్కో రాష్ట్రపతి కావాలన్నమాట. బాగుంది.

పార్వతీపురం మాస్టారు | 22 జూలై 2022, ఉదయం 6:15

కుర్రోడా, మీ ఆఫీసు ఆయనకి చెప్పడానికి నీకొక కథ ఇస్తాను, కథ అంటే కోర్టు రికార్డులో ఉన్నదే. కాస్త పెద్దది, ఓపిగ్గా చదువు.

మన ప్రాంతం నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లిన మనిషి ఎవరూ అంటే అందరూ వి.వి.గిరి పేరు చెప్తారు. పుట్టింది బరంపురం, తెలుగు కుటుంబం. 1937లో బొబ్బిలిలో బొబ్బిలి రాజావారి మీదే పోటీ చేసి గెలిచాడు, ఆ రాజావారు అప్పటిదాకా మద్రాసు రాష్ట్రానికి ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి లాంటి పదవి. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యాడు. ఇంతవరకు పుస్తకాల్లో ఉంటుంది. 1957 సంగతి ఎవరూ చెప్పరు.

1957లో ఆయన పార్వతీపురం నుంచి నిలబడ్డాడు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకి ఇద్దరేసి సభ్యులు. మన పార్వతీపురంలో ఒకటి ఎస్టీ సీటు, ఒకటి జనరల్. ఓటరుకి రెండు ఓట్లు. ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాడికి రిజర్వుడు సీటు ఇస్తారు, ఆ తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకి జనరల్ సీటు. లెక్క చూస్తే సత్యనారాయణ దొరకి మొదటి సీటు వచ్చింది. రెండో సీటు గిరిగారిది అనుకున్నారు కదా? రాలేదు. ఆరొందల లోపు ఓట్ల తేడాతో దిప్పల సూరిదొర దాటేశాడు. ఇద్దరూ గిరిజనులే. కేంద్రమంత్రిగా చేసిన పెద్దమనిషి ఓడిపోయాడు.

గిరిగారు కోర్టుకి వెళ్లారు. రెండు వాదనలు. ఒకటి, రిజర్వుడు సీటుకని నామినేషన్ వేసినవాడు జనరల్ సీటు ఎలా తీసుకుంటాడు అని. రెండోది, సూరిదొర కుటుంబం తాము క్షత్రియులమని చెప్పుకుంటోంది కాబట్టి ఆయన అసలు గిరిజనుడే కాదు అని. 1959లో సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. రిజర్వేషన్ ఉన్నది కనీసం ఒకరు ఉండాలని, అంతకు మించి రాకూడదని కాదు. ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ సీటు గిరిజనుడిదే.

ఆ తర్వాత 1961లో పార్లమెంటు ఇద్దరు సభ్యుల పద్ధతినే ఎత్తేసింది. ఈ కేసు కూడా ఒక కారణమని చెప్పుకుంటారు. గిరిగారు మాత్రం ఆగలేదు. గవర్నరయ్యారు, ఉపరాష్ట్రపతి అయ్యారు, 1969లో ఇంకో తెలుగాయన నీలం సంజీవరెడ్డి మీద రెండో ప్రాధాన్య ఓట్లతో గెలిచి రాష్ట్రపతి అయ్యారు.

కాబట్టి మీ ఆయనకి చెప్పు. రాష్ట్రపతి పదవి జనరల్ సీటు. జనరల్ సీటు మీదని ఎవరు చెప్పారు అని 65 ఏళ్ల కిందట పార్వతీపురంలోనే అడిగేశారు అని.

పాలకొండ కుర్రోడు | 22 జూలై 2022, ఉదయం 7:50

మాస్టారూ, నమస్కారం. ఇది నేను డిగ్రీ దాకా చదివినా ఎక్కడా వినలేదు. బస్సులో ఉన్నాను, మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

బొబ్బిలి వాస్తవ్యుడు | 22 జూలై 2022, ఉదయం 9:30

మాస్టారి కథ బాగుంది గానీ పోలిక అతకలేదు. 1957లో ఓటు వేసింది జనం. ఇప్పుడు వేసింది ఎంపీలు, ఎమ్మెల్యేలు. మన ఆంధ్రలో ఓటేసిన 173 మందీ ఆవిడకే వేశారు, యశ్వంత్ సిన్హాకి ఇక్కడ సున్నా. వైసీపీ, టీడీపీ రెండూ ఒకే వైపు నిలబడ్డాయి, 2017లో కోవింద్ గారికీ ఇలాగే నిలబడ్డాయి. ఇది గిరిజనుల మీద ప్రేమా, ఢిల్లీ మీద భయమా? అదీ కాక 2012లో పి.ఎ.సంగ్మా నిలబడ్డాడు, గారో తెగ మనిషి, లోక్‌సభ స్పీకర్‌గా చేసినవాడు. అప్పుడు ఈ ప్రేమ ఎక్కడికి పోయింది? ప్రణబ్ ముఖర్జీ చేతిలో ఓడిపోయాడు. అంతకుముందు 1992లో శంకర్ దయాళ్ శర్మ మీద జి.జి.స్వెల్ నిలబడ్డాడు, ఖాసీ. ఆయనా ఓడిపోయాడు. గెలిచే పార్టీ నిలబెడితే గెలుస్తారు, ఓడే పార్టీ నిలబెడితే ఓడిపోతారు. అంతకుమించి సామాజిక అర్థం వెతకడం మన సరదా.

లా విద్యార్థి, విజయనగరం | 22 జూలై 2022, ఉదయం 10:10

స్వెల్, సంగ్మా గురించి మీరు చెప్పింది కరెక్ట్. కానీ మీ మాటనే ఇటు తిప్పి చూడండి. 1992లో, 2012లో గిరిజన అభ్యర్థి అంటే ఓడిపోయే పక్షం నిలబెట్టే మనిషి. 2022కి గెలిచే పక్షమే నిలబెట్టింది, పైగా అవతలి పక్షంలో ఉన్నవాళ్లు కూడా "ఆవిడకి వ్యతిరేకంగా వేశాం" అని చెప్పుకోలేక ఇబ్బంది పడ్డారు. ఝార్ఖండ్‌లో జేఎంఎం (ఝార్ఖండ్ ముక్తి మోర్చా) కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వంలో ఉండి కూడా ముర్ముకే మద్దతు ఇచ్చింది. ఎవరి లెక్క వాళ్లదే, ఒప్పుకుంటాను. కానీ రాజకీయ నాయకుడు ఎవరికి భయపడుతున్నాడో చూస్తే సమాజం ఎటు కదిలిందో తెలుస్తుంది.

సీను గారు "రాష్ట్రపతి అంటే సంతకం" అన్నారు కదా, ఆ రబ్బరు స్టాంపు సంగతికి వస్తాను, పరీక్ష అయ్యాక.

కొండ టీచర్ | 22 జూలై 2022, రాత్రి 8:45

నేను సవర తెగ అమ్మాయిని. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటాయి 🙂 ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. ఏ ఊరో రాయను.

నిన్నటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో అభినందనలు వచ్చి పడుతున్నాయి, నేనూ నాలుగు ఫార్వర్డ్ చేశాను. ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పాను, రాష్ట్రపతి అంటే ఎవరు, త్రివిధ దళాలకి అధిపతి, రాష్ట్రపతి భవన్‌లో ఎన్ని గదులు, ఇవన్నీ. విన్నారు, తల ఊపారు, పెద్దగా కదలలేదు. పాఠం విన్నట్టే విన్నారు. తర్వాత ఆవిడ ముందు ఏం ఉద్యోగం చేసేవారు అని ఒక పిల్ల అడిగింది. ఇరిగేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటు అని చెప్పాను, 1979 నుంచి నాలుగేళ్లు. తర్వాత రాయ్‌రంగ్‌పూర్‌లో స్కూలు టీచరు. 1997లో అక్కడి నగర పంచాయతీలో కౌన్సిలరు. అంతే, క్లాసు మొత్తం లేచింది. జూనియర్ అసిస్టెంటా మేడం? మన ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో కూర్చుంటారు, ఆ జూనియర్ అసిస్టెంటా? అవును ఆ జూనియర్ అసిస్టెంటే.

వాళ్లు రాష్ట్రపతిని ఎప్పుడూ చూడలేదు. జూనియర్ అసిస్టెంట్‌ని చూశారు. స్కాలర్‌షిప్ కాగితం మీద ఆ మనిషి చేసే సంతకం కోసం వాళ్ల నాన్నలు ఒక రోజు కూలి పోగొట్టుకుని కొండ దిగి నిలబడతారు. ఆ కుర్చీ దగ్గర నుంచి ఢిల్లీ దాకా దారి ఉందని వాళ్లకి ఇవాళే తెలిసింది. మీరు రబ్బరు స్టాంపు అనండి, ఢిల్లీ మీద భయం అనండి, అవీ నిజమే కావచ్చు. నేను చూసింది ఇది.

అదీగాక సీను గారూ, డోలీలో ఎక్కిన మనిషిని నేను. రోడ్డు గురించి నాకు చెప్పకండి. రోడ్డు కావాలి, రాష్ట్రపతీ కావాలి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని మాకు మాత్రమే ఎందుకు చెప్తారు?

సిక్కోలు సీను | 22 జూలై 2022, రాత్రి 9:02

అమ్మా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. నా కోపం ఢిల్లీ మీద, మీ మీద కాదు.

కొండ టీచర్ | 22 జూలై 2022, రాత్రి 9:06

తెలుసండీ. కోపం ఉంచుకోండి, దాంతో పనుంది.

పేరు వద్దు | 22 జూలై 2022, రాత్రి 11:48

అందరూ ఎస్టీ ఎస్టీ అంటున్నారు, మెరిట్ సంగతి ఎవరూ మాట్లాడరేం? మా పిల్లాడికి మార్కులు ఉండి కూడా సీటు రాలేదు. ఈ లెక్కన రేపు క్రికెట్ టీంలో కూడా

[మిగతా భాగం తొలగించబడింది]

వేదిక నిర్వాహకుడు | 23 జూలై 2022, ఉదయం 6:30

పై పోస్టులో సగం తీసేశాను. అభిప్రాయం రాయండి, తిట్లు వద్దు. రిజర్వేషన్ల మీద వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి.

చంపావతి | 23 జూలై 2022, మధ్యాహ్నం 1:15

నేనొక చిన్న విషయం రాస్తాను. రెండు రోజులుగా టీవీలన్నీ ఆవిడ భర్త పోవడం, ఇద్దరు కొడుకులు పోవడం, ఇదే చూపిస్తున్నాయి, వెనక వీణ మోగిస్తూ. మా అత్తగారు చూసి కళ్లు తుడుచుకుంటున్నారు. బాధ పెద్దదే, కాదనను. కానీ మగవాడు రాష్ట్రపతి అయితే ఎప్పుడైనా ఇంట్లో చావుల లెక్క చదివారా? ఆవిడ రెండుసార్లు ఎమ్మెల్యే, మంత్రి, 2007లో ఒడిశా అసెంబ్లీలో ఉత్తమ ఎమ్మెల్యేగా నీలకంఠ అవార్డు, ఆరేళ్లు గవర్నరు. ఇది చెప్పడానికి అర నిమిషం, ఏడుపుకి అర గంట. గిరిజన ఆడమనిషి అంటే జాలి పడటానికే తప్ప పనిమంతురాలు అనడానికి నోరు రాదా.

వంశధార | 23 జూలై 2022, మధ్యాహ్నం 1:40

చంపావతి గారూ 👏 మా ఇంట్లోనూ అదే ఛానెల్.

లా విద్యార్థి, విజయనగరం | 24 జూలై 2022, సాయంత్రం 5:20

పరీక్ష అయింది. రబ్బరు స్టాంపు దగ్గరికి వస్తాను.

సీను గారన్నది చట్టం ప్రకారం చాలావరకు నిజం. 1976లో 42వ సవరణతో మంత్రిమండలి సలహా మేరకే రాష్ట్రపతి నడుచుకోవాలని స్పష్టంగా రాశారు. తర్వాత 44వ సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది, ఒక్కసారి మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపవచ్చు. అంతే.

కానీ ఆవిడ గవర్నర్‌గా ఉన్నప్పుడు ఏం చేశారో చూడండి. ఝార్ఖండ్‌లో గిరిజన భూమికి కాపలా రెండు పాత చట్టాలు, 1908 ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, 1949 సంథాల్ పరగణాల చట్టం. మన 1/70 (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే చట్టం) లాంటివి అనుకోండి. ఆ భూమిని వ్యవసాయేతర అవసరాలకి వాడుకోవచ్చని అక్కడి బీజేపీ ప్రభుత్వం సవరణ బిల్లులు పాస్ చేసింది. జనం రోడ్డెక్కారు. 2017లో ముర్ము ఆ బిల్లుల్ని సంతకం పెట్టకుండా వెనక్కి పంపారు. సొంత పార్టీ ప్రభుత్వానికే. ప్రభుత్వం చివరికి వదులుకుంది. 1/70 లేకపోతే మన సీతంపేట, సాలూరు కొండల్లో ఎవరి పేరున పట్టాలు ఉండేవో మీరే ఊహించుకోండి.

ఇంక మన జిల్లా సంగతి. మందస, మెళియాపుట్టి వైపు కొండల్లో సవరలున్న ఊళ్లు చాలా రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజన ప్రాంతాలుగా గుర్తించిన జాబితాలో లేవు. నాన్ షెడ్యూల్డ్ ఊళ్లు అంటాం కదా, అవి. మనుషులు ఎస్టీలే, ఊరు మాత్రం షెడ్యూల్డ్ ఏరియా కాదు, అందుకే 1/70 వర్తించదు, పెసా (ఏజెన్సీలో గ్రామసభకి అధికారాలిచ్చే చట్టం) వర్తించదు. ఊరి పక్క కొండ లీజుకి పోయినా గ్రామసభని అడగక్కర్లేదు. ఆ ఊళ్లని షెడ్యూల్లో కలపమని ఎన్నేళ్లుగా దరఖాస్తులు పెడుతున్నారు? కలపాలంటే ఉత్తర్వు ఎవరిది అనుకున్నారు? రాజ్యాంగం ఐదో షెడ్యూల్, ఆరో పేరా. రాష్ట్రపతి ఉత్తర్వు. గవర్నర్‌ని సంప్రదించి రాష్ట్రపతి ఇవ్వాలి. నిజమే, ఫైలు కదిలించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర కేబినెట్. కానీ ఆ కాగితం చివర ఉండేది ఆవిడ పేరే. స్టాంపే అనుకుందాం, మనకి కావలసింది కూడా సరిగ్గా ఆ స్టాంపే. స్టాంపు ఉన్నచోటికి కాగితం చేర్చే పని మనది, దాన్ని ఎవరు చేస్తున్నారు?

బొబ్బిలి వాస్తవ్యుడు | 24 జూలై 2022, సాయంత్రం 6:05

ఇది పనికొచ్చే పాయింటు. ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట, భామిని, వీరఘట్టం, పాలకొండ కొత్త పార్వతీపురం మన్యం జిల్లాకి పోయాయి. ఐటీడీఏ కూడా అటే. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన సవరల ఊళ్లకి ఐటీడీఏ ఆఫీసే పక్క జిల్లాలో ఉంది. ముందు దీని సంగతి చూడాలి.

పార్వతీపురం మాస్టారు | 25 జూలై 2022, మధ్యాహ్నం 12:10

ప్రమాణ స్వీకారం చూశాను. "జోహార్" అని మొదలుపెట్టారు. మా ఊరి నుంచి కాలేజీకి వెళ్లిన మొదటి ఆడపిల్లని నేనే అన్నారు. సంథాల్, పైకా, కోల్, భీల్ తిరుగుబాట్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. ఆ చోట నిలబడి ఆ పేర్లు చదవడం చిన్న విషయం కాదు. కుర్చీలో కూర్చుని వింటున్న నాకు మాత్రం మనవాళ్లు గుర్తొచ్చారు. పాచిపెంట దగ్గర కొర్రవానివలసలో 1900లో కొర్ర మల్లయ్య, కొండదొర తెగ మనిషి, తెల్లవాళ్ల మీద జనాన్ని కూడగట్టి కాల్పుల దాకా తెచ్చాడు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘం మహాసభకి పోతుంటే లేవిడి దగ్గర కోరన్న, మంగన్నని కాల్చేశారు, ఆ తర్వాత శ్రీకాకుళం కొండలు తిరుగుబాటుతో మూడేళ్లు తగలబడ్డాయి. 1/70 ఆ మంటల్లోంచి వచ్చిందే, పైనుంచి ఎవరూ దయతో ఇచ్చింది కాదు. ఇప్పటి పిల్లలకి ఈ పేర్లు ఎవరు చెప్తారు?

ఇంకో తమాషా. స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన మొదటి రాష్ట్రపతి ఆవిడే, అందరిలోకీ చిన్న వయసు కూడా. ఇంతకుముందు ఆ రికార్డు మన సంజీవరెడ్డిది. ఇద్దరికీ 64 ఏళ్లే, తేడా రోజుల్లో.

సిక్కోలు సీను | 28 మే 2023, రాత్రి 9:30

పాత చర్చ పైకి తెస్తున్నాను, తిట్టుకోకండి. ఇవాళ కొత్త పార్లమెంటు భవనం ప్రారంభం. చేసింది ప్రధాని. రాష్ట్రపతిని పిలవలేదు, సందేశం చదివి వినిపించారు. పార్లమెంటు అంటేనే రాష్ట్రపతి, రెండు సభలు అని రాజ్యాంగం 79వ అధికరణం. సొంత ఇంటి గృహప్రవేశానికి ఇంటావిడనే పిలవకపోతే ఏమంటారు? ప్రతిపక్షాలు బాయ్‌కాట్ చేశాయి, మన ఆంధ్ర పార్టీలు రెండూ మాత్రం వెళ్లొచ్చాయి.

చంపావతి | 28 మే 2023, రాత్రి 10:00

మా ఇంట్లో ఈ గొడవ పొద్దుటి నుంచీ నడుస్తోంది. పిలవకపోవడం తప్పే. అయితే గిరిజన మహిళ కాబట్టే పిలవలేదంటారా, ప్రధాని ఏ ఫోటోలోనూ ఇంకొకరికి చోటివ్వరు కాబట్టి పిలవలేదంటారా? నేను రెండోదే అంటాను.

కొండ టీచర్ | 29 మే 2023, ఉదయం 5:50

కారణం ఏదైనా మా పిల్లలకి కనిపించింది మాత్రం ఆవిడ అక్కడ లేకపోవడమే. సెలవుల్లో ఫోన్ చేసి మరీ అడిగారు. ఏం చెప్పాలో తెలియక 79వ అధికరణం చెప్పాను. సీను గారి పుణ్యం.

లా విద్యార్థి, విజయనగరం | 29 మే 2023, ఉదయం 8:15

నేనైతే ఇంకో రోజు గుర్తుపెట్టుకుంటాను. పోయిన నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం, సుప్రీంకోర్టు జడ్జీలు, న్యాయమంత్రి ఎదురుగా ఉండగా, రాసిచ్చిన ప్రసంగం పక్కన పెట్టి హిందీలో మాట్లాడారు. చిన్న చిన్న కేసుల్లో బెయిలు డబ్బులు కట్టలేక జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి. జైళ్లు చాలడం లేదు, ఇంకా కట్టాలంటున్నారు, అభివృద్ధి అంటే జైళ్లు తగ్గాలి కదా అని. అది ఏ కేబినెట్ రాసిచ్చిన మాటా కాదు. గంజాయి మోసిన కూలికని లోపలికి వెళ్లి బెయిలు ఇచ్చేవాడు లేక కూర్చున్న కొండ కుర్రాళ్లు మన వైపు ఎంతమందో కోర్టు వరండాలో నిలబడితే తెలుస్తుంది.

బొబ్బిలి వాస్తవ్యుడు | 19 ఆగస్టు 2023, రాత్రి 8:20

అటవీ సంరక్షణ సవరణ చట్టానికి సంతకం పెట్టేశారు. సరిహద్దుకి వంద కిలోమీటర్ల లోపు దేశ భద్రత ప్రాజెక్టులకి అటవీ అనుమతి అక్కర్లేదు, ఇంకా చాలా మినహాయింపులు. ఈశాన్యంలో గిరిజన సంఘాలు వద్దని మొత్తుకున్నాయి. ఒక్కసారి వెనక్కి పంపొచ్చని లా అబ్బాయి చెప్పాడు కదా, పంపలేదు. 2017లో రాంచీలో చేసింది ఢిల్లీలో చేయలేకపోయారు. ఇంతకంటే నేను ఏమీ అనను.

పాలకొండ కుర్రోడు | 20 ఆగస్టు 2023, ఉదయం 10:30

ఆ మాట అనాల్సిందే అన్నా. అనాలి. గిరిజన రాష్ట్రపతిని గిరిజనులే విమర్శించే రోజు రావాలి, అప్పుడే మిగతా రాష్ట్రపతుల లెక్కలో ఆవిడా ఉన్నట్టు. నాకు ఆ సంతకం నచ్చలేదు. ఆవిడ గెలిచిన రోజు సంతోషపడ్డందుకు సిగ్గూ పడటం లేదు.

లా తమ్ముడూ, షెడ్యూల్లో లేని ఊళ్ల జాబితా నీ దగ్గర ఉందా? మందస వైపు నాకు తెలిసినవాళ్లు గ్రామసభ తీర్మానాలు రాయిస్తున్నారు, దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలో, ఎలా రాయాలో తెలియక ఆగారు.

లా విద్యార్థి, విజయనగరం | 20 ఆగస్టు 2023, ఉదయం 11:05

ఉంది, పూర్తిగా లేదు. మండలాల వారీగా సరిచూడాలి. దరఖాస్తు గవర్నర్‌కి, గిరిజన సంక్షేమ శాఖకి, కాపీ రాష్ట్రపతి భవన్‌కి. ఆదివారం మెళియాపుట్టి వస్తాను, తీర్మానాల జిరాక్సులు తీసి ఉంచండి. గ్రామసభ కోరం సంతకాలు లేకపోతే పనికిరావు, అది ముందే చూసుకోండి.

కొండ టీచర్ | 20 ఆగస్టు 2023, మధ్యాహ్నం 2:00

వేలిముద్రలు వేసేవాళ్లుంటే పక్కన పేరు రాయడానికి మా పాత విద్యార్థులు ఇద్దరు వస్తారు. బస్సు ఛార్జీ మాత్రం ఎవరైనా చూసుకోండి.

సిక్కోలు సీను | 20 ఆగస్టు 2023, మధ్యాహ్నం 2:10

ఛార్జీ నేను చూసుకుంటానమ్మా. టిఫిను కూడా.